ఈ నెల ఆయిల్ ఎందుకు ఆపామంటే

మా దగ్గర బాయిలర్లకు, ఫర్నేసులకు ప్లాస్టిక్ ఆయిల్ తీసుకుంటున్న వాళ్లందరికీ,

ఈ నెల లోడ్లు ఆపేశాం. యూనిట్ మూతపడిందని ఎవరో పుకారు పుట్టించారట. మూతపడలేదు.

డంపింగ్ యార్డుకు పోయే కవర్లు, మూతలు, ప్యాకింగ్ షీట్లు కొని, గాలి తగలకుండా 400 నుంచి 500 డిగ్రీల దాకా వేడిచేసి ఆయిల్ తీస్తాం. అది మీకు తెలిసిందే. అందులో పీవీసీ (పైపులు, మాత్రల అట్టలు, ఫ్లెక్సీల్లో ఉండే ప్లాస్టిక్) మాత్రం పడకూడదు. దాని బరువులో సుమారు 57 శాతం క్లోరినే. వేడి తగిలితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పుట్టి ఇనుమును తినేస్తుంది.

ఆవిరిని చల్లార్చి ఆయిల్‌గా మార్చే మా కండెన్సర్ ట్యూబు అలాగే చిల్లుపడింది. మిగిలిన బేళ్లు (ప్లాస్టిక్ కట్టలు) కోసి చూస్తే పైన శుభ్రమైన కవర్లు, నడుమ పైపు ముక్కలు, మాత్రల అట్టలు, ఫ్లెక్సీ పీలికలు. సరుకిచ్చిన వ్యాపారిని పిలిపించాను. అతని ముందే రాగి తీగను మంటకు రంగు రాకుండా పోయేదాకా కాల్చి, వేడి మీదే పైపు ముక్కకు అద్ది మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా లేచింది, అంటే అందులో క్లోరిన్ ఉన్నట్టే. "అది రాగి రంగండీ" అన్నాడు! మరి ఇందాక వట్టి తీగకు ఎందుకు రాలేదయ్యా అంటే, ఫోనొచ్చిందని బయటికి పోయాడు. ఇన్నాళ్లూ సరుకు దిగిన రోజే డబ్బు చేతిలో పెట్టినందుకు నాకు దక్కిన మర్యాద అది.

నాకు నిద్రలేకుండా చేసింది మాత్రం ట్యాంకులో అప్పటికే నిండిన ఆయిల్. మంచి ఆయిల్‌లో కొంచెం కొంచెం కలిపేస్తే ఎవరు కనిపెడతారని మావాళ్లే అన్నారు. కాస్టిక్ సోడా నీళ్లతో కడిగితే యాసిడ్ పోతుంది. నూనెలోనే కలిసిపోయిన క్లోరిన్ సమ్మేళనాలు పోవు. అవి మీ బర్నర్‌లో కాలి మళ్లీ యాసిడవుతాయి, ఆ పొగలో డయాక్సిన్లనే విషపదార్థాల టెన్షన్ వేరే. ఇటు చూస్తే జీతాలు, బ్యాంకు వాయిదా. ట్యాంకర్ రమ్మని ఫోన్ చేశాను, కాసేపటికి నేనే వద్దన్నాను. చివరికి వాల్వుకు సీలు వేయించాను. ఆ ఆయిల్ ప్రమాదకర వ్యర్థాలు కాల్చే అనుమతి ఉన్న ప్లాంటుకు మా ఖర్చుతోనే పోతుంది.

రేటు పెంచడానికి ఇదంతా నాటకమని ఒకాయన అన్నారు. రేటు పెరగదు. ఆయనకు కూడా పెరగదు.

ఇకనుంచి ప్రతి బేలూ కోసి, తురిమి, నీళ్లలో వేస్తాం. పాలిథిన్, పాలీప్రొపిలిన్ తేలతాయి. పీవీసీ, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) మునుగుతాయి. అనుమానం వస్తే రాగి తీగ ఉండనే ఉంది. తడి ఆరాలి కాబట్టి మొదట్లో సగం లోడ్లే ఇవ్వగలం, అవీ పాతవాళ్లకే ముందు. ఈలోగా వేరేచోట తీసుకున్నవాళ్లను తప్పుపట్టను, కాకపోతే తిరిగొచ్చాక వరుసలో వెనక నిలబడాలి. అడ్వాన్సు వెనక్కి కావాలంటే చెప్పండి, కారణం అడగకుండా వేసేస్తాం.