హర్డిలర్లకు హర్డిల్స్‌లోనే చోటివ్వాలి

చిన్న దేశాల హర్డిలర్లు, అంటే ట్రాక్‌పై అడ్డుగా నిలిపిన చట్రాలను (హర్డిల్స్) దూకుతూ పరుగెత్తేవారు, ఒలింపిక్స్‌లో తమది కాని పోటీలో పరుగెత్తవలసి రావడం సరికాదు. లావోస్‌కు చెందిన హర్డిల్స్ క్రీడాకారుడు సాయ్సా అనూసోన్ 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగులో బరిలోకి దిగి, తొలి దశలోనే వెనుదిరిగాడు. 106.7 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిల్స్‌ను దాటుతూ, రెండింటి మధ్యనున్న 9.14 మీటర్లను కొలిచినట్టు మూడే అంగల్లో ముగించడానికి ఏళ్ల తరబడి సాధన చేసినవాడిని, ఏ అడ్డంకీ లేని ట్రాక్‌పై నిలబెట్టి అతని సత్తా తేల్చడం ఎంతవరకు సబబు? అర్హత ప్రమాణాలు అందుకోలేని దేశాలకిచ్చే ప్రత్యేక కోటా స్థానాలు ఎక్కువగా 100 మీటర్ల వంటి పరుగులకే పోతున్నాయి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2024 పారిస్‌లో తన సొంత విభాగమైన హర్డిల్స్‌లోనే పోటీపడగలిగింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో తొలిసారి పాల్గొన్నప్పటి నుంచి ఒక్క పతకమూ ఎరుగని లావోస్‌కు ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. పైగా మన క్రీడా పుటల్లో ఇలాంటివారి ప్రస్తావన ఉంటే గింటే ‘చివరి స్థానం’ అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య హర్డిల్స్‌లోనూ ఒక ప్రాథమిక హీట్ (తొలి వడపోత పరుగు) పెట్టి కోటా స్థానాలను అందులోకి అనుమతించాలి. పత్రికలు సైతం క్రీడాకారుని అసలు విభాగాన్ని, అందులో అతని అత్యుత్తమ సమయాన్ని ఫలితం పక్కనే ప్రచురించాలి.