మబ్బుల్లో గ్రహణం చూపించిన అన్నకు

2025 సెప్టెంబర్ 7 రాత్రి పర్లాకిమిడిలో, మహేంద్రతనయ ఒడ్డున నా కెమెరాకి గొడుగు పట్టిన అన్నా, మీ పేరు అడగడం మర్చిపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. 9:57కి గ్రహణం పట్టింది, పదకొండుకల్లా చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లిపోయాడు, పైనేమో మబ్బులు, తుంపర. ఆటోఫోకస్ ఎక్కడా ఆగట్లేదు, దానికి తోడు ట్రైపాడ్ ప్లేటు స్క్రూ వదులై లెన్స్ మెల్లగా కిందికి వాలిపోతోంది. టెన్షన్‌తో నాకు చేతులు ఆడలేదు. మీరు జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, దాని అంచుతో స్క్రూ బిగించారు. అవతలి ఒడ్డున ఎక్కడో దూరంగా ఉన్న దీపం మీద మాన్యువల్ ఫోకస్ పెట్టించి, "షట్టర్ ఒక సెకను ఉంచు తమ్ముడూ, ఇప్పుడు చంద్రుడికి వెలుతురు చాలదు" అన్నారు.

82 నిమిషాల సంపూర్ణ గ్రహణంలో మబ్బు విడింది ఓ నాలుగు నిమిషాలే. భూమి గాలిపొరలో వంగి వచ్చిన ఆ ఎర్ర వెలుగు, అచ్చం పాత రాగి చెంబు రంగు! పదకొండు ఫోటోల్లో రెండు బాగా వచ్చాయి. గొడుగంతా కెమెరా మీదే ఉంచి మీరు భుజం దాకా తడిసిపోయారు, అది నేను మర్చిపోలేను. చాలా చాలా థ్యాంక్స్ అన్నా. మీకోసం ఒక ప్రింట్ తీయించి వంతెన దగ్గర టీ బడ్డీలో ఇచ్చాను, అడిగి తీసుకోండి.