1938 హంగేరీ పసికూనా?

సంపాదకులకు,

పోయిన ఆదివారం కాక అంతకుముందు ఆదివారం మీ క్రీడల పేజీలో పాత ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్స్ మీద వేసిన బాక్సు గురించి ఇది. ఇన్ని రోజులకు తెలివొచ్చిందా అనుకోకండి. ఆ రోజు పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేశాను. మెయిల్ పెట్టమన్నారు. మనవడితో పెట్టించాను. సవరణ ఏ మూలైనా వస్తుందేమోనని రోజూ టెండర్ నోటీసులతో సహా చదివాను. రాలేదు. ఇక కాగితమే గతి.

1938లో పారిస్‌లో ఇటలీ 4-2తో 'పసికూన హంగేరీని చిత్తు చేసింది' అని రాశారు. ఎవరండీ పసికూన? ఫైనల్‌కు ముందు ఆ జట్టు డచ్ ఈస్టిండీస్ మీద 6, స్విట్జర్లాండ్ మీద 2, సెమీస్‌లో స్వీడన్ మీద 5 గోల్స్ కొట్టింది. మొత్తం 13. ఇచ్చుకున్నది ఒక్కటి. ముందు వరుసలో షారోషి, జెంగెలేర్ ఉన్నారు. మీ డెస్కులో 'పసికూన' అని ఒక రబ్బరు స్టాంపు చేయించి పెట్టుకున్నట్టున్నారు. క్రికెట్‌లో ఐర్లాండ్ మీదా నెదర్లాండ్స్ మీదా వేసి వేసి, చేయి అలవాటై దీని మీదా వేశారు.

అక్కడితో ఆగినా ఊరుకునేవాణ్ణి. ఆ హంగేరీ జట్టు శిక్షణలో 'ఇటలీ మాజీ ఆటగాడు ఆల్ఫ్రెడ్' పాలుపంచుకున్నాడట! ఆయన ఇంటిపేరు షాఫర్. హంగేరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాసుకుంటారు, షాఫర్ ఆల్ఫ్రెడ్ అని. తెలుగు పత్రికకే ఆ సంగతి తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది? పైగా ఆయన ఇటలీ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తర్వాత రోమా క్లబ్బుకు కోచ్‌గా చేశాడు కాబట్టి ఇటలీవాడైపోయాడు కాబోలు. ఆ లెక్కన మన క్రికెట్ జట్టుకు కోచ్‌గా చేసిన గ్యారీ కిర్‌స్టన్‌ది ఢిల్లీ కావాలి.

షాఫర్ హంగేరీకి ఆడింది 15 మ్యాచ్‌లు. కొట్టినవి 17 గోల్స్. మ్యాచ్‌ల కంటే గోల్స్ ఎక్కువ! అవీ మొదటి ప్రపంచయుద్ధం చుట్టూ ఉన్న ఏళ్లలో. బుడాపెస్ట్‌లో ఎంటీకే జట్టుకు అప్పుడు జిమ్మీ హోగన్ అనే ఇంగ్లిష్ కోచ్ ఉండేవాడు. యుద్ధం రాగానే వియన్నాలో శత్రుదేశస్థుడని పట్టుకుంటే, ఎంటీకే పెద్దలు పూచీ పడి తెచ్చుకున్నారు. బంతిని గాల్లోకి బాదడం మానేసి, నేల మీద పొట్టి పాసులతో ఆడించడం ఆయన పద్ధతి. ఆ జట్టులో షాఫర్ సెంటర్ ఫార్వర్డ్. 1917-18, 1918-19 రెండు సీజన్లలోనూ లీగ్‌లో ఎక్కువ గోల్స్ ఆయనవే. ఆ తర్వాత నురంబర్గ్, బాసెల్, మ్యూనిక్, వియన్నా, ప్రాగ్... ఏడాదికో ఊరు, ఊరికో జెర్సీ. పేరుకు అందరూ అమెచ్యూర్లే, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లే. డబ్బు మాత్రం చాటుగా చేతులు మారేది. జర్మన్లు ఆయన్ను ఫుట్‌బాల్ రాజు అనేవారు.

1938లో కరోలీ డీట్జ్‌తో కలిసి జట్టును ఫైనల్ దాకా నడిపింది ఈయనే. 1941-42లో రోమాకు తొలి ఇటలీ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టిందీ ఈయనే. రెండో స్థానంలో నిలిచిన టొరీనో మూడు పాయింట్లు వెనకబడింది. రోమ్ నగరానికి కూడా అదే మొదటిది. రెండోది అందుకోవడానికి రోమాకు 41 ఏళ్లు పట్టింది. 1945 ఆగస్టులో, యుద్ధం ముగిసిన కొన్నాళ్లకే, బవేరియాలో పోయాడు. అప్పటికి 52 ఏళ్లు. ఇంత మనిషికి మీరిచ్చింది ఒకటిన్నర లైను, అందులో రెండు తప్పులు.

హంగేరీ ఫుట్‌బాల్ అంటే 1950ల నాటి స్టార్ పుష్కాష్ ఒక్కడే అనుకోవడం మీ ఒక్కరి జబ్బు కాదు లెండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ తొలి రౌండ్‌లో మన దేశానికి పడింది హంగేరీయే. వాళ్లు తప్పుకోవడంతో ముందుకెళ్లాం, ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి చివరికి నాలుగో స్థానంలో నిలిచాం. కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. జట్టులో మన సికింద్రాబాద్ బలరామ్. మీ పేజీలో వీళ్ల పేర్లు చివరిసారి ఎప్పుడు వచ్చాయో మీరే వెతుక్కోండి. ఐపీఎల్‌లో ఎవరో కొత్త హెయిర్‌కట్ చేయించుకుంటే మాత్రం మూడు కాలమ్‌లు, రంగుల ఫొటో!

ఆడే పిల్లలుంటే కదా చదివే పిల్లలుండేది అంటారా, అదీ నిజమే. మా కాలనీ పక్క గ్రౌండు ఏడాదిలో సగం రోజులు ఎగ్జిబిషన్లకు, రిసెప్షన్లకు అద్దెకు పోతుంది. ఒక గోల్‌పోస్టుకు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి నాలుగు నెలలైంది. అడిగితే పై అధికారికి అర్జీ పెట్టుకోమన్నారు. పెట్టాను. మీకు పెట్టిన మెయిలు గతే దానికీ పట్టింది.

దయచేసి సవరణ వేయండి. రాశిఫలాల కింద ఖాళీ ఉంటే అక్కడ వేసినా ఫర్వాలేదు. షాఫర్, హంగేరీ. ఈ రెండు మాటలు సరిగ్గా పడితే చాలు.

- ఒక విశ్రాంత డ్రిల్ మాస్టారు, సికింద్రాబాద్