విమాన సంస్థల దివాలా: ఉద్యోగుల ఊసెత్తని వార్తలు

సంపాదకులు గారికి నమస్కారం.

జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్‌లో బయలుదేరి ముంబయి చేరింది. బ్యాంకులు రూ.400 కోట్ల అత్యవసర రుణం ఇవ్వడానికి నిరాకరించడంతో, ఒకప్పుడు 120కి పైగా విమానాలు నడిపిన సంస్థ ఆ రాత్రితో ఆగిపోయింది. మన రాష్ట్రంలో పోలింగ్ ముగిసి అప్పటికి ఆరు రోజులే అయింది. ఎవరికెన్ని సీట్లు వస్తాయన్న లెక్కల్లో పత్రికలూ టీవీలూ, మా వీధి అరుగులూ మునిగి ఉన్నాయి. దాదాపు 20,000 మంది బతుకుతెరువు పోయిన సంగతి మా ఇంటికి వచ్చే పత్రికలో రెండు రోజులు కనిపించింది. ఆ తరవాత టికెట్ డబ్బులు వాపసు వస్తాయా, ఛార్జీలు ఎంత పెరుగుతాయి, సంస్థను ఎవరు కొంటారు అన్న మూడు ప్రశ్నలే మిగిలాయి. నేనూ ఆ మూడే చదివి పక్కన పెట్టాను. ఈ ఉదాసీనత ఒక్క పత్రికలదే కాదు, చదివే మా అందరిదీ అని ఒప్పుకున్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వైపు ఒక వ్యాపారి చేతులెత్తేస్తే ‘ఐపీ పెట్టాడు’ అంటాం. మర్నాటికల్లా ఆయన ఇంటి ముందు జనం చేరతారు, ఎవరికి ఎంత పోయిందో జిల్లా పేజీలో పేరుపేరునా వస్తుంది. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వెళ్ళి మళ్ళీ తెరుచుకునేదాకా ఆ కార్మికుల గోడు తెలుగు పత్రికల్లో వస్తూనే ఉంది. విమాన సంస్థకు ఆ భాగ్యం లేదు. మిల్లుకు ఒక ఊరు ఉంటుంది, గేటు ఉంటుంది, గేటు ముందు దీక్షా శిబిరం వేసుకోవడానికి చోటు ఉంటుంది. విమాన సంస్థ ఉద్యోగులు శంషాబాద్‌లో కొందరు, విశాఖలో పదిమంది, గన్నవరంలో మరికొందరు అన్నట్టు దేశమంతా చెదిరి ఉంటారు. విమానాశ్రయం లోపల గుమిగూడనివ్వరు, పాసు వెనక్కి ఇచ్చేశాక అసలు లోపలికే రానివ్వరు. అందువల్ల వాళ్ళ కష్టానికి ఒక ఫొటో కూడా దొరకదు. ఫొటో లేని కష్టం వార్తగా నిలవడం లేదని నా అనుమానం.

మరో కారణం మన మనసుల్లోనే ఉంది. ‘వాళ్ళకేం, లక్షల్లో జీతాలు’ అన్న మాట నేను చాలామంది నోట విన్నాను. కొందరు సీనియర్ పైలట్ల విషయంలో అది నిజమే. కాని ఒక విమానం గాల్లోకి లేవాలంటే చెక్-ఇన్ కౌంటరులో కూర్చునేవారు, పెట్టెలు మోసి ఎక్కించేవారు, మెట్ల బండి తోలేవారు, రెండు ప్రయాణాల మధ్య దొరికే కాసేపట్లో సీట్ల మధ్య చెత్త ఏరేవారు, రాత్రంతా హ్యాంగరులో చక్రాలు, బ్రేకులు చూసే టెక్నీషియన్లు కావాలి. వీరిలో చాలామంది సంస్థ ఉద్యోగులు కూడా కారు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీల కింద కాంట్రాక్టు మనుషులు. సంస్థ మూతపడినప్పుడు ‘ఇన్ని వేలమంది రోడ్డున పడ్డారు’ అని మనం రాసే అంకెలో వీరు ఉంటారో లేదో ఎవరూ అడగరు.

మా మేనకోడలు శంషాబాద్‌లో ఒక విమాన సంస్థ కౌంటరులో పనిచేసేది. ఆ సంస్థ పేరు, ఏడాది ఇక్కడ చెప్పను. ఆఖరి మూడు నెలలు జీతం పడలేదు. ‘వచ్చే వారం పడుతుంది’ అన్న మెయిల్ మాత్రం క్రమం తప్పకుండా వచ్చేది. విమానాలు రద్దవుతున్న ఆ రోజుల్లో యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, జుట్టు ముడి చెదరకుండా వెళ్ళి, కౌంటరు అవతల అరిచేవాళ్ళందరికీ సర్దిచెప్పి వచ్చేది. ఒక పెద్దాయన ఆస్పత్రిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళాలని కన్నీళ్ళు పెట్టుకుంటే, ఇంకో సంస్థ టికెట్‌కు తక్కువ పడిన డబ్బు తన చేతిలోంచి ఇచ్చి పంపింది. ఆ నెల ఆమె హాస్టలు అద్దె నేను కట్టాను. సంస్థ మూతపడిన కొద్ది రోజులకే కంపెనీ మెయిల్ ఆగిపోయింది. జీతం స్లిప్పులు, సెలవుల లెక్క, పదోన్నతి ఉత్తర్వు అన్నీ అందులోనే ఉన్నాయి. బకాయికి రుజువు చూపించమన్నప్పుడు బ్యాంకు పాసుపుస్తకం, నియామక పత్రం జిరాక్సు తప్ప ఆమె చేతిలో ఏమీ లేవు. ఇప్పుడామె ఒక బట్టల షోరూములో బిల్లింగ్ చేస్తోంది. నీలం రంగు యూనిఫాం మాత్రం డ్రైక్లీనింగ్ కవరులోనే బీరువాలో వేలాడుతోంది.

పత్రికల మౌనం వల్ల ఉద్యోగికి ఏం నష్టమని ఎవరైనా అడగవచ్చు. నష్టం లెక్కగట్టగలిగినదే. 2016 నాటి దివాలా చట్టం కింద ఒక సంస్థ కంపెనీల వ్యవహారాలు తేల్చే ట్రైబ్యునల్‌కు వెళితే, దాని నుంచి బాకీ రావలసినవారు తమ క్లెయిములు దాఖలు చేయాలంటూ ప్రకటన వేస్తారు. ఉద్యోగులూ అలా బాకీ రావలసినవారే. గడువు మొదట 14 రోజులు, ఆపైన కొంత సడలింపు ఉంటుంది. ఆ ప్రకటనను సంస్థ రిజిస్టర్డ్ కార్యాలయం, ప్రధాన కార్యాలయం ఉన్న చోట చెలామణీలో ఉండే ఒక ఇంగ్లిషు పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేస్తే సరిపోతుంది. ముంబయి సంస్థ అయితే మరాఠీలో వస్తుంది. రాజమండ్రిలోనో తిరుపతిలోనో పనిచేసిన కుర్రాడికి అది తెలుగులో కనిపించే దారి ఏది? మీ పత్రిక దాన్ని వార్తగా వేస్తే తప్ప లేదు.

బకాయిలు చెల్లించే వరసలోనూ చిక్కులున్నాయి. సంస్థను అమ్మేసి లెక్క తేల్చేటప్పుడు, అంటే లిక్విడేషన్‌లో, ‘కార్మికులు’గా గుర్తింపు ఉన్నవారి 24 నెలల బకాయి, హామీ ఉన్న బ్యాంకు రుణాలతో సమానంగా నిలుస్తుంది. మిగతా ఉద్యోగులకు 12 నెలల బకాయే, అదీ ఒక మెట్టు కింద. ఎవరు కార్మికుడు, ఎవరు కాదు అన్నది హోదా పేరును బట్టి కాక చేసే పనిని బట్టి తేలాలి కాబట్టి, అదే ఒక వివాదమై కూర్చుంటుంది. లిక్విడేషన్ ఉత్తర్వు వెలువడడమే ఉద్యోగం నుంచి తొలగించినట్టు నోటీసుగా చట్టం భావిస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతులు ఉద్యోగులకు చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లో, సగం తప్పులతో చేరుతున్నాయి.

జెట్ ఉద్యోగుల పోరాటమే చూడండి. భవిష్య నిధి, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని అప్పీలు ట్రైబ్యునల్ 2022 అక్టోబరులో చెప్పింది. సంస్థను తీసుకోవడానికి ముందుకొచ్చినవారు దాని మీద సుప్రీంకోర్టుకు వెళితే 2023 జనవరిలో వారి అప్పీలును కోర్టు తోసిపుచ్చింది. ఉద్యోగుల పక్షాన వచ్చిన ఎంతో పెద్ద తీర్పు అది. చివరికి పునరుద్ధరణ ప్రణాళిక అమలు కాకపోవడంతో 2024 నవంబరు 7న సుప్రీంకోర్టే లిక్విడేషన్‌కు ఆదేశించింది. విమానాలు ఆగి అప్పటికి ఐదున్నరేళ్ళు దాటింది. అమెరికా ఎన్నికల ఫలితం వచ్చిన మర్నాడది. ఆ ఉత్తర్వు వార్త నాకు లోపలి పేజీలో, వ్యాపార వార్తల నడుమ, షేర్ల ధరల పక్కన కనిపించింది. షేరు కొన్నవాడికి ఏమవుతుందో అందులో ఉంది గాని ఉద్యోగికి ఏమవుతుందో లేదు.

విమానాలు అద్దెకిచ్చిన విదేశీ కంపెనీల సంగతికొస్తే ప్రభుత్వమూ చట్టమూ ఎంత చురుగ్గా కదిలాయో పోల్చి చూడాలి. ఇంజన్ల సరఫరాలో ప్రాట్ అండ్ విట్నీ వైఫల్యమే కారణమంటూ గో ఫస్ట్ విమాన సంస్థ 2023 మే 2న తనంత తానే దివాలా పిటిషన్ వేసింది, మే 10న ట్రైబ్యునల్ దాన్ని స్వీకరించింది. దివాలా విచారణ సాగినంతకాలం సంస్థ దగ్గరున్నవేవీ తీసుకుపోరాదన్న నిషేధం, అంటే మారటోరియం, విమానాలను ఎవరూ తీసుకుపోకుండా అడ్డుపడింది. అద్దె కంపెనీలు గగ్గోలు పెట్టాయి. ఐదు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 3న, విమానాలకూ ఇంజన్లకూ మారటోరియం వర్తించదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో అద్దె కంపెనీలు తీసుకుపోవడానికి వీలుగా ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమంది. 2025 జనవరిలో సంస్థ లిక్విడేషన్‌కు వెళ్ళింది. అదే ఏడాది విమానాల మీద వాటిని అద్దెకిచ్చినవారి హక్కులను కాపాడే బిల్లు పార్లమెంటు ఆమోదం పొందింది. దాన్ని ప్రవేశపెట్టింది మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. అద్దెకిచ్చేవారికి భరోసా ఉంటే విమానాలు చవకగా దొరుకుతాయన్న వాదనలో నిజం ఉంది, దాన్ని నేను కాదనను. కాని ఆ విమానాలు వెళ్ళిపోయాక అమ్ముకోవడానికి సంస్థలో ఏం మిగులుతుంది, ఏడు వేల మంది సిబ్బంది బకాయి దేనిలోంచి తీరుస్తారు అని అప్పుడు మన పత్రికల్లో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

ఇది ఎక్కడో ముంబయి, ఢిల్లీల గొడవ కూడా కాదు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా మొదలైనప్పుడు మన పత్రికలు మొదటి పేజీల్లో స్వాగతించాయి. 2017 ఫిబ్రవరి ఆఖరున దాని విమానాలు ఆగిపోయాయి. అప్పటి పౌర విమానయాన మంత్రి కూడా తెలుగువారే. హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ 2015లో ఎగిరింది, చిన్న ఊళ్ళకు చవకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజున కడప–హైదరాబాద్ సర్వీసుకు ప్రధాని జెండా ఊపారు. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. కడపకు విమానం మళ్ళీ ఎప్పుడన్న వార్తలు చదివాను. కడప విమానాశ్రయంలో ఆ సంస్థ బ్యాడ్జీ పెట్టుకుని పనిచేసిన పిల్లలు ఏమయ్యారన్న వార్త నా కళ్ళబడలేదు.

కింగ్‌ఫిషర్ నాటి నుంచీ ఇదే తీరు. 2012 మార్చి నుంచి జీతాలు అందక సిబ్బంది ఆ శరత్కాలంలో పని ఆపేశారు. అక్టోబరులో ఢిల్లీలో ఒక ఉద్యోగి భార్య ఆర్థిక ఇబ్బందులు తాళలేక ఆత్మహత్య చేసుకుంది. ఆ తరవాత పన్నెండేళ్ళకు పైగా మనం చదివినదంతా యజమాని విలాసాలు, 2016 మార్చిలో ఆయన దేశం విడిచి వెళ్ళడం, బ్యాంకులకు రావలసిన రూ.9,000 కోట్లు, లండన్ కోర్టు వాయిదాలు. బ్యాంకులు వసూలు చేసుకున్న ఆస్తుల లెక్క నాలాంటి పల్లెటూరి మాస్టారికి కూడా నోటికి వచ్చు. ఆగిన జీతాల లెక్క రాదు, ఎందుకంటే దాన్ని నేను ఎక్కడా చదవలేదు.

కాబట్టి నా విన్నపం ఇది. ఇకపై ఏ విమాన సంస్థ ట్రైబ్యునల్ మెట్లెక్కినా క్లెయిము గడువును తెలుగులో, మొదటి పేజీలో, తేదీతో సహా వేయండి. కాంట్రాక్టు సిబ్బంది సంఖ్యను గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీలనే అడిగి రాబట్టండి. శంషాబాద్, గన్నవరం, విశాఖ, తిరుపతి, కడప విలేకరులకు ఆ పని అప్పగిస్తే పెద్ద కష్టం కాదు. లిక్విడేటరు ఇచ్చే నివేదికల్లో ఉద్యోగుల వాటా ఎంతో ఆరు నెలలకోసారి చెప్పండి. అద్దె విమానాలకు ఇచ్చినంత రక్షణ ఆగిన జీతాలకు ఎందుకు ఇవ్వరాదో మన మంత్రిగారినే, ఆయన శ్రీకాకుళం వచ్చినప్పుడు, మీ విలేకరి చేత అడిగించండి. జవాబు ఏదైనా సరే, మా మేనకోడలికి చదివి వినిపించడానికి ఆ పేజీ కత్తిరించి ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ చిరకాల పాఠకుడు,
విశ్రాంత ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు,
తణుకు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా.