మాంక్ 4వ లెవెల్: ఏ ఫీట్ తీసుకోవాలి

అందరికీ నమస్కారం. ఆదివారం మాగుంట లేఅవుట్‌లో ఆట మొదలయ్యేలోపు మన కావలి తమ్ముడు తన మాంక్‌కి (ఒట్టి చేతులతో పోరాడే పాత్ర) ఫీట్, అంటే ఒక ప్రత్యేక నైపుణ్యం, తేల్చుకోవాలి. మనం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్, 2014 రూల్స్ కాబట్టి ఫీట్ తీసుకుంటే బలం, చురుకుదనం లాంటి స్కోర్లకి కలిసే రెండు పాయింట్లు వదులుకోవాల్సిందే. అందుకే తొందర వద్దు.

పోయిన వారం ఓగర్ అనే రాక్షసుణ్ని కొట్టి వెనక్కి రావడానికి ప్రతిసారీ ఒక కీ (మాంక్ ప్రత్యేక శక్తి పాయింట్) పోయింది. నాలుగు కీలు అయిపోయాక అక్కడే ఇరుక్కుపోయాడు. హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) గడి చెరిపి చెరిపి పాత్ర షీట్‌కి చిల్లు పడింది, చూస్తుంటే నాకే టెన్షన్ వచ్చింది. అందుకని నా ఓటు మొబైల్ అనే ఫీట్‌కే. వేగం 40 అడుగుల నుంచి 50 అవుతుంది. దగ్గరి దాడి చేశాక, దెబ్బ తగిలినా తగలకపోయినా, ఆ శత్రువు ఆ టర్న్‌లో నీ మీద ఆపర్చునిటీ అటాక్ (దూరం జరిగేటప్పుడు కొట్టే దెబ్బ) చేయలేడు. ఒక్కటి గుర్తుపెట్టుకో తమ్ముడూ, నువ్వు కొట్టబోయినవాళ్లకే అది వర్తిస్తుంది. ముగ్గురు చుట్టుముడితే మూడోవాడి కోసం ఫ్లర్రీ (కీ ఖర్చుపెట్టి వేసే అదనపు గుద్దులు) వాడాలి.

క్రషర్ అనే ఫీట్ కూడా మంచిదే, పిడిగుద్దుతో శత్రువుని 5 అడుగులు నెట్టొచ్చు. టావెర్న్ బ్రాలర్ ఫీట్ మాత్రం వద్దు, ఒట్టి చేతుల బలం మాంక్‌కి ముందే ఉంది.

8వ లెవెల్‌లో మాత్రం డెక్స్‌టెరిటీ (చురుకుదనం స్కోరు) పెంచు. ఒంగోలు అన్నా, మాంక్‌ని చాలాకాలం ఆడింది మీరే, మీ మాట కూడా రాత్రికి చెప్పండి.