మా కరాటే క్లబ్బు చరిత్రకు ఆధారాలు అందించిన వారందరికీ కృతజ్ఞతలు

మా కరాటే క్లబ్బు చరిత్ర రాయడం పూర్తయింది. పుస్తకం చివర రెండు వరుసల్లో అందరికీ ధన్యవాదాలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఎవరు ఏమి ఇచ్చారో, దానివల్ల ఏమి తేలిందో అందరికీ తెలియాలి. తమ పేర్లు రాయవద్దని చాలామంది కోరారు కాబట్టి పేర్లు లేకుండానే చెబుతున్నాను.

ముందుగా పాత రిజిస్టర్ల గురించి. క్లబ్బు తొలి కోశాధికారి కుటుంబం వాటిని ఇన్నేళ్లూ భద్రంగా దాచింది. ఆయన ఫీజుల లెక్కలతో సరిపెట్టుకోకుండా, ప్రతి బెల్టు పరీక్షలో ఎవరు ఏ కటా (నిర్ణీత క్రమంలో ఒంటరిగా చేసే కదలికల వరుస) చేశారో కూడా రాసి ఉంచారు. ఎవరూ అడగని పని అది. మా చరిత్రకు అసలైన ఆధారం అక్కడే దొరికింది. తొలి పుటల్లో కొత్తగా చేరిన వారి పేర్ల ఎదుట మొదటి పరీక్షకు ‘పినాన్ నిదాన్’ అని, తర్వాతి పరీక్షకు ‘పినాన్ షోదాన్’ అని ఉంది. షోదాన్ అంటే మొదటిది, నిదాన్ అంటే రెండోది. వరుసలో రెండోది కావలసిన కటా ముందు, మొదటిది తర్వాత! రాతలో తారుమారైందని మాలో కొందరు, కాదు, ఏదో కారణం ఉండే ఉంటుందని మరికొందరు వాదించుకున్నారు.

ఆ చిక్కు విప్పినవారు మా శైలికి చెందని ఒక మాస్టారు. పినాన్ కటాలు మొత్తం ఐదు. జపాన్‌లోని ఒకినావాలో బడిపిల్లలకు కరాటే నేర్పడం కోసం 20వ శతాబ్దం తొలినాళ్లలో అంకో ఇతోసు అనే గురువు వాటిని ప్రవేశపెట్టారు. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించి అక్కడే స్థిరపడిన గిచిన్ ఫునాకోషి, తర్వాతి కాలంలో వాటిని హెయాన్ అని పిలిచి, తేలికైన రెండో కటాను మొదటి స్థానానికి తెచ్చారు. అందుకే ఫునాకోషి శైలి అయిన షోటోకాన్‌లో విద్యార్థి ఈ ఐదింటిలో మొట్టమొదట నేర్చుకునే హెయాన్ షోదాన్, పాత పేర్లు పాటించే శైలుల్లో పినాన్ నిదాన్ అవుతుంది. ఫునాకోషి వద్ద నేర్చుకుని, తనకు ముందే వచ్చిన జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్యను జోడించి వాడో-ర్యూ అనే శైలిని నెలకొల్పిన హిరోనోరి ఓత్సుకా పాత పేర్లనే ఉంచారు. ఆ శైలిలో నేర్పేటప్పుడు మాత్రం పినాన్ నిదాన్‌తోనే మొదలుపెడతారు. మా రిజిస్టర్లలోని వరుస సరిగ్గా అదే. షోటోకాన్ క్లబ్బుగా అందరూ ఎరిగిన మా క్లబ్బు వాడో-ర్యూతో పుట్టిందని అలా బయటపడింది.

ఆ మాస్టారు మాట చెప్పి వదిలేయలేదు. మా హాలుకు వచ్చి ఒకే కటాను రెండు పద్ధతుల్లోనూ చేసి చూపించారు. వాడోలో నిలబడే తీరు కాస్త ఎత్తుగా ఉంటుంది, అడుగుల మధ్య ఎడం తక్కువ. షోటోకాన్‌లో ముందు మోకాలు బాగా వంగి, వెనుక కాలు చాచుకుని, నడుము కిందికి దిగుతుంది. పాత ఫోటోలను పక్కన పెట్టుకుని చూస్తే మా తొలితరం విద్యార్థులు ఎలా నిలబడ్డారో స్పష్టంగా తెలిసింది. వేర్వేరు శైలుల వాళ్లం పోటీల్లో ఎదురుపడటమే తప్ప ఇలా కూర్చుని మాట్లాడుకోవడం అరుదు. ఆ దూరాన్ని ఆయన మనసులో కూడా పెట్టుకోలేదు. ఆయనకు మా క్లబ్బు మొత్తం రుణపడి ఉంది.

ఆ ఫోటోల్లో ఎక్కువ భాగం మా క్లబ్బులో చేరిన మొట్టమొదటి అమ్మాయి ఇచ్చినవి. ఇప్పుడు ఆవిడ అమ్మమ్మ. ప్రతి ఫోటో వెనుక ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆనాడే రాసుకున్నారు. శైలి ఎలా మారిందన్నది కూడా ఆవిడ చెబితేనే తెలిసింది. తొలి గురువుగారు వేరే ప్రాంతానికి వెళ్లిపోయాక, క్లబ్బు మూతపడకూడదని శిష్యులే ఒక షోటోకాన్ గురువును ఆహ్వానించారట. అప్పటికే బ్లాక్ బెల్టు సంపాదించిన వాళ్లు దాన్ని తీసేసి, తెల్ల బెల్టు కట్టుకుని, పిల్లల వరుసలో నిలబడి మొదటి కటా నుంచి మళ్లీ నేర్చుకున్నారు. వారిలో ఆవిడ కూడా ఒకరు. జూడో నుంచి తెచ్చుకున్న ఈ బెల్టుల పద్ధతిలో ఫునాకోషి తొలి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో. నాటి నుంచి నేటి దాకా ఆ బెల్టు కోసం ఏళ్ల తరబడి చెమటోడ్చని కరాటే విద్యార్థి లేడు. అలాంటి దాన్ని క్లబ్బు బతకడం కోసం పక్కన పెట్టారు వాళ్లు. పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం ఇదే. ఓపికగా, అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోకుండా చెప్పినందుకు అమ్మా, మీకు నమస్కారాలు.

పాత యోగ్యతాపత్రాలను చదివి పెట్టిన జపనీస్ ఉపాధ్యాయురాలికి ప్రత్యేక ధన్యవాదాలు. వాటిపై ఉన్నవి జపాన్ చక్రవర్తి హిరోహితో పాలనాకాలాన్ని బట్టి లెక్కించే షోవా సంవత్సరాలనీ, 1925 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుందనీ ఆమె చెప్పారు. షోవా 50 అంటే 1975 అన్నమాట. దాంతో ఫోటోలను కాలక్రమంలో పేర్చగలిగాం. స్కానింగ్ చేసిన యువకులకు, అచ్చుతప్పులు దిద్దిన మిత్రుడికి, సాయంత్రాలు హాలు తాళాలు మాకు అప్పగించిన నిర్వాహకులకు కూడా కృతజ్ఞతలు.

ఫోటోలు, పత్రాలు ఇచ్చిన వారందరికీ అసలు ప్రతులు తిరిగి అందజేస్తున్నాం. రిజిస్టర్లను మాత్రం ఆ కుటుంబం క్లబ్బుకే ఇచ్చేసింది. కావాలనుకున్న సభ్యులు హాలులోనే వాటిని చూడవచ్చు. తొలి గురువుగారి దగ్గర నేర్చుకున్న వారు ఇంకా ఎవరైనా ఉంటే దయచేసి మాకు తెలియజేయండి. రెండో ముద్రణలో మీ జ్ఞాపకాలకు చోటు ఉంచాం.