ఏడు బండ్ల వైరింగ్ మళ్లీ విప్పుతున్నాను

బెంగళూరు యలహంకలోని మా షెడ్డుకు ఏళ్ల తరబడి బండ్లు తెస్తున్న మీ అందరికీ నమస్కారం. ఈ సంగతి మీకు ఇంకొకరి నోట తెలియకూడదు, అందుకే నేనే రాస్తున్నాను. పోయిన ఆగస్టు నుంచి మార్చి దాకా కార్బురేటర్ తీసి ఎంపీఎఫ్‌ఐకి (కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే పద్ధతికి) మార్చిన ఏడు బండ్లలో నేను వేసిన వైరు మంచిది కాదు. నాలుగు జిప్సీలు, రెండు పాత మారుతి 800లు, ఒక పద్మిని. రాగి వైరు అని కొన్నాను. లోపల ఉన్నది అల్యూమినియం, పైన రాగి పూత.

మే నెలలో హిందూపురం వెళ్తున్న ఒక పెద్దాయన జిప్సీ బాగేపల్లి టోల్ దాటగానే ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, బండిలో ఇద్దరు మనవలు. అరగంట ఆగితే స్టార్ట్ అయ్యేది, పది కిలోమీటర్లు పోయాక మళ్లీ కుదుపులు. దారిలో చూసిన మెకానిక్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందన్నాడట. పెద్దాయన ఆ మాట పట్టించుకోకుండా నాకు ఫోన్ చేశారు. బండిని షెడ్డుకు తెప్పించాను.

ఈసీయూకి ఏమీ కాలేదు. ఇంజిన్ వేడిగా ఉండగా కొలిస్తే బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, ట్యాంకులోని పంపు కనెక్టర్ దగ్గర 10.6. కార్బురేటర్‌కు ఇంజినే నడిపే పంపు చాలు, కరెంటుతో పనే లేదు. ఎంపీఎఫ్‌ఐ పంపు సుమారు 3 బార్ ప్రెషర్ నిలబెట్టాలి. వోల్టేజీ పడిపోతే ప్రెషరూ పడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు చాలదు. రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్చు) దాకా వోల్టేజీ సరిగ్గానే ఉంది. రిలే నుంచి బయటికొచ్చే లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు ముక్క) పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. కాస్త లాగాను. వైరు ఊడి చేతిలోకి వచ్చేసింది. ఇరవై రెండేళ్లుగా వైరింగ్ చేస్తున్నాను, నేను క్రింప్ చేసిన లగ్గు ఊడి రావడం ఇదే మొదటిసారి.

ఒక పోగు తీసి బ్లేడుతో గీకాను. ఎర్రటి పూత లేచిపోయి కింద తెల్లగా మెరిసింది. లైటర్ మంట చూపిస్తే అసలు రాగి పోగు ఎర్రబడి అలాగే నిలుస్తుంది. ఇది మెత్తబడి, వంగి, కింద రాలిపోయింది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, అల్యూమినియంకు 660 చాలు. షెడ్డులో మిగిలిన మూడు రోల్స్ నుంచీ ముక్కలు కోసి చూశాం. మూడూ అంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఆగస్టులో ఆ రోల్స్ వచ్చిన రోజే మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు, "అన్నా, ఇవి తేలిగ్గా ఉన్నాయేంటి?" అన్నాడు. పైన ప్లాస్టిక్ పలచన చేసి ఉంటారని చెప్పి పంపించేశాను. వాడు చెప్పిందే నిజం. వాడికి క్షమాపణ చెప్పాను, ఇక్కడ మీ ముందు కూడా చెబుతున్నాను. డెలివరీ రోజు మీటరు కూడా నాకు చెప్పింది. పంపు లైన్లో మామూలుగా 0.3, 0.4 వోల్టు పడుతుంది. ఈ బండ్లలో 0.7 చూపించింది. వైరు పొడవు వల్లనేమో అనుకున్నాను. అల్యూమినియం లగ్గులో ఒత్తిడికి, వేడికి మెల్లగా జారుతుంది, పట్టు వదులవుతుంది, వదులైన చోట ఇంకా వేడెక్కుతుంది. అందుకే ఆరు నెలలు బాగా నడిచిన బండ్లు ఎండాకాలం రాగానే మొరాయించాయి.

వైరు ఇచ్చిన షాపు పేరు రాయను. తొమ్మిదేళ్లుగా వాళ్ల దగ్గరే కొన్నాను, ఏనాడూ బేరం ఆడలేదు. బిల్లు మీద కాపర్ అని స్పష్టంగా ఉంది. ముక్క తీసుకెళ్లి కౌంటర్ మీద పెడితే, "మాకు పైనుంచి వచ్చిందే మీకిచ్చాం, వాడని రోల్స్ ఇవ్వండి, మార్చిస్తాం" అన్నారు. వాడిన వైరు సంగతి? వేసిన కూలి సంగతి? టోల్ దగ్గర ఎండలో కూర్చున్న పిల్లల సంగతి? తప్పు జరిగింది అన్న ఒక్క మాట వాళ్ల నోటి నుంచి వచ్చి ఉంటే ఇంత మనసు విరిగేది కాదు. ఆ రోల్స్ వాళ్లకు తిరిగి ఇవ్వలేదు. ఇస్తే ఇంకొక షెడ్డుకు అమ్ముతారు. ముక్కలు చేసి తుక్కులో వేశాను. ఇక ఆ గడప తొక్కను.

ఇప్పుడు అసలు నిర్ణయం. దీని మీద మూడు రాత్రులు నిద్ర లేదు. ఏడు బండ్లలో ఎక్కువ కరెంటు లాగే లైన్లు మాత్రమే మార్చితే బండికి సగం రోజు పని. పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్, ఎర్త్‌లు, అంతే. సెన్సర్ వైర్లలో పోయేది మిల్లీ ఆంపియర్లు, వాటికి ఈ వైరు సరిపోతుందని మా బావమరిది వాదించాడు. లెక్కలు చూసేది ఆయనే కాబట్టి ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. కరెంటు లెక్క వరకు ఆయన మాటలో తప్పులేదు. కానీ లగ్గు వదులయ్యేది అక్కడ కూడా వదులవుతుంది. టెంపరేచర్ సెన్సర్ తన రెసిస్టెన్స్‌తోనే ఈసీయూకి సంగతి చెబుతుంది. వదులైన జాయింటు ఆ రెసిస్టెన్స్‌ను పెంచితే ఇంజిన్ చల్లగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కారణం మాత్రం దొరకదు. పైగా వానల్లో తడి తగిలితే అల్యూమినియం రాగితో కలిసిన చోట తెల్లటి పొడి పడుతుంది. రెండేళ్ల తర్వాత ఒక్కో బండి ఒక్కో జబ్బుతో వస్తే ఏ వైరని వెతకను? నా చేత్తో టేపు చుట్టిన వైరింగ్‌లో ఎక్కడో ఆ వైరు ఉందని తెలిసి నేను ఎలా ఊరుకోను?

అందుకని ఏడు బండ్లూ మొత్తం విప్పి కొత్త వైరింగ్ కడుతున్నాను. బండికి సుమారు 60 మీటర్ల వైరు, రెండున్నర రోజుల పని. వైరు, లగ్గులు, కూలి, బండి తేవడం అన్నీ నా ఖర్చే. దీనికోసం కొత్త కన్వర్షన్లు ఆగస్టు చివరి వరకు తీసుకోవడం లేదు. రెడీమేడ్ వైరింగ్ తెప్పించి వేయమని ఇద్దరు సలహా ఇచ్చారు. వేయను. పాత బండిలో ఏ వైరు ఎటు పోవాలో బండిని బట్టి కొలిచి కట్టాలి, అదే నా పని.

కార్బురేటర్ మళ్లీ పెట్టేయమని ఒకరు అడిగారు. పెట్టిస్తాను, దానికీ డబ్బులొద్దు. కానీ కన్వర్షన్‌లో తప్పులేదు, తప్పు వైరుది. కొత్త వైరింగ్‌తో నెల రోజులు నడిపి చూసి అప్పుడు చెప్పమని మాత్రం అడుగుతున్నాను.

ఇక నుంచి ప్రతి రోల్ వచ్చిన రోజే తూకం వేసి, గీకి, కాల్చి చూస్తాం. మీ బండికి వేసిన వైరు ముక్క ఒకటి బండి నంబరు రాసిన కవర్లో పెట్టి మీకే ఇస్తాం.

పెద్దాయన జిప్సీ నిన్న పూర్తయింది. ఇంజిన్ బాగా వేడెక్కాక పంపు దగ్గర 13.6 వోల్టులు ఉన్నాయి. మిగతా ఆరుగురికీ నేనే ఫోన్ చేస్తాను, హైవే మీద తిరిగే బండ్లు ముందు. అంతవరకు ఊరు దాటి వెళ్లకండి. తెచ్చే రోజు ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు లేకుండా చూసుకోండి, పంపు వైరు మార్చడానికి ట్యాంకు దించాలి.